అల్లుడు గుడ్డు పెట్టిన వానాకాలం

వెండిపన్నుగాడు నన్ను ముంచాడు. ఈ మాట ముందుగా రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే పోను పోను వాడి గురించి నాలుగు మంచి మాటలు రాసేసే ప్రమాదం కనిపిస్తోంది. అప్పుడు చదివేవాళ్ళు వాడెవడో ధర్మాత్ముడనుకుంటారు. వాడు ధర్మాత్ముడు కాడు. మా పెరటి గోడకి అవతల ఇల్లు వాడిది. పై పళ్ళలో ఒకటి వెండిది. అబద్ధం చెప్పేటప్పుడు అది తళుక్కుమంటుంది. నిజం చెప్పేటప్పుడు కూడా మెరుస్తుందో లేదో నాకు తెలియదు. చూసే అవకాశం వాడు ఎప్పుడూ ఇవ్వలేదు.

నాది పరుపుల షాపు. ముందు గదిలో షాపు, వెనక రెండు గదుల్లో కాపురం, పైన ఎవరూ ఎక్కని మేడ, ఇంటి వెనక పెరడు. జనం పాత పరుపులు తెచ్చి పడేస్తే విప్పి, ఉండలు కట్టిన దూది పెరట్లో ఎండబెట్టి, మిషన్లో ఏకి, కొత్త గుడ్డలో కూరి దబ్బనంతో కుట్టి ఇస్తాను. ఏడో క్లాసులో బడి మాన్పించి మా నాన్న తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పటి నుంచీ ఇదే పని. తర్వాత ఫోము వచ్చింది. ఫోముని ఎండబెట్టక్కర్లేదు, ఏకక్కర్లేదు. పాడైతే పారేసి ఇంకోటి కొనుక్కుంటారు. పారేసే వస్తువుకి ఉన్న గిరాకీ బాగుచేసే మనిషికి లేదు.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అత్తగారు. నాకూ అత్తగారికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒకరోజు షాపుకొచ్చిన బేరం వెనక్కి పోతుంటే, ఆ వచ్చినవాళ్ళ ముందే, "మా అల్లుడికి చదువు ఎటూ లేదు, చూపన్నా ఉందనుకున్నాను. లోకమంతా ఫోము మీద పడుకుంటుంటే ఈయన ఇంకా దూది ఏకుతున్నాడు" అంది. నేనూ ఊరుకోలేదు. ఏమన్నానో ఇక్కడ రాయను. ఆవిడకి గుర్తుంది, అది చాలు.

ఆ రోజు నుంచి ఆవిడ నాతో చెప్పాల్సినవన్నీ కూతురితో చెప్పేది, నేను ఆవిడకి చెప్పాల్సినవన్నీ పెళ్ళాంతో చెప్పేవాణ్ణి. ముగ్గురం ఒకే గదిలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చునే.

"అమ్మాయ్, అన్నం చల్లారిపోతోందని చెప్పు."

"వస్తున్నానని చెప్పు."

మా ఆవిడ మొదట్లో నిజంగానే అటుదిటూ ఇటుదటూ చేరవేసేది. తర్వాత విసుగొచ్చి, "చెప్పానని చెప్పుకోండి ఇద్దరూ" అని లేచి వెళ్ళిపోయేది.

ఎండలు ముదిరి, ఇవాళో రేపో వాన పడుతుందన్నట్టున్న రోజుల్లో ఒక సాయంత్రం నేను పెరట్లో దూది తిరగేస్తున్నాను. వెండిపన్ను గోడ మీంచి తల పెట్టి, తల పక్కన ఇంకోటేదో పెట్టాడు. తెల్లగా, గుండ్రంగా ఉంది.

"ఏంటి తమ్ముడూ, దిండు చిరిగిందా?" అన్నాను.

"దిండు కాదన్నా. కోడి. సిల్కీ కోడి అంటారు. ముట్టుకో."

చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా మునిగింది. ఈకలన్న మాటే లేదు. ఏకిన బూరుగు దూది. ఆ దూదిలో ఎక్కడో లోపల వెచ్చగా ఒక గుండె టకటకా కొట్టుకుంటోంది. దూది పక్కకి తీసి చూస్తే తోలు కాకినలుపు. కాళ్ళకి నాలుగు కాదు, ఐదేసి వేళ్ళు. ముద్దుకి పెంచుకునేవాళ్ళు వీటికోసం ఎగబడుతున్నారనీ, ఒక్క పెట్ట ఉంటే ఇంటిల్లిపాదికీ ఆటబొమ్మ అనీ చెప్పాడు. పుంజులు మాత్రం ఎవరికీ వద్దు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళలో తెల్లవారకుండానే కూస్తే పక్కవాళ్ళు ఊరుకోరు.

"నా దగ్గర ఒక జట్టు ఉందన్నా. ఎనిమిది కోళ్ళు, ఒక పుంజు. మూడో నెల నడుస్తోంది. వానలు వెళ్ళేసరికి గుడ్లకొస్తాయి. గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్ముకున్నావంటే నీ దూది కష్టాలు తీరినట్టే."

"నా దగ్గర డబ్బుల్లేవు తమ్ముడూ."

"నిన్ను డబ్బులు ఎవరడిగారు? కోళ్ళు నావి, పంజరం నాది, సీజనంతా దాణా నాది. వానలు వెళ్ళాక లెక్క చూసుకుందాం. తీర్చావా, సంతోషం. తీర్చలేదా..." వాడి చూపు నా పెరటి మీద తిరిగి, బావి గట్టు దగ్గర ఆగింది. "ఆ గట్టు నుంచి ఈ గోడ దాకా నాకు వదిలెయ్యి. ఒక గది వేసుకుంటాను."

వెండి పన్ను తళుక్కుమంది. నేను చూశాను. చూసి కూడా పెరడు వంక చూడకుండా కోడి వంక చూశాను. పెరడంటే నాకు పెరడు కాదు, షాపు. దూది ఎండకపోతే ఏకడం లేదు, ఏకకపోతే పరుపు లేదు. అది పోతే నేను ముందు గదిలో కూర్చుని రోడ్డు చూసుకోవాలి. అయితే ఎనిమిది పెట్టలుంటే ఎందుకు పోతుంది?

"ఏది పుంజో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"తల చూడు. జుట్టు బంతిలా గుండ్రంగా ఉంటే పెట్ట. వెనక్కి దువ్వినట్టు తోకలు తోకలుగా ఉంటే పుంజు."

తొమ్మిదింటినీ చూపించాడు. నా కళ్ళకి తొమ్మిదీ బంతులే. కళ్ళతో పనేముంది, నాకు చెయ్యి ఉంది కదా అనుకున్నాను. కళ్ళు మూసుకుని పట్టుకుంటే దూది పాతదో కొత్తదో, పొడవు పింజదో పొట్టి పింజదో చెప్పేస్తాను. ఒక్కొక్క కోడిలో చెయ్యి పెట్టి చూశాను. అన్నిట్లోకీ పెద్దది, రొమ్ము విరుచుకుని తిరిగేది, కాస్త గరుగ్గా తగిలింది. మిగతావి వెన్న.

"ఇదేనా పుంజు?" అన్నాను.

వెండిపన్ను ఒక్క క్షణం ఆగాడు. "అబ్బ, నీ చేతికి మొక్కాలన్నా" అన్నాడు.

ఆ పొగడ్తకి పడిపోయాను. బడిలో నన్నెవరూ పొగడలేదు మరి.

కోళ్ళు ఇంటికొచ్చాక అత్తగారు గడప మీద నిలబడి చాలాసేపు చూసింది. "అమ్మాయ్, దూదితో పని లేదని దూది కోళ్ళని తెచ్చారా అని అడుగు" అంది.

"ఆడపెట్టలు ఎనిమిది అని చెప్పు" అన్నాను.

"ఎవరు లెక్కపెట్టారట?"

"నేనే అని చెప్పు."

"అయితే సరే" అంది ఆవిడ. ఆ రెండు మాటల్ని ఎంత ఈసడింపుగా అనొచ్చో మా అత్తగారి దగ్గర నేర్చుకోవాలి.

మా ఆవిడ పరుపులు కుట్టే దారం తీసి కాళ్ళకి కట్టింది. పుంజుకి ఎర్రది, పెట్టలకి నీలం.

వారం తిరక్కుండా ఒక పొద్దున నేను షాపు షట్టరు ఎత్తుతుంటే పెరట్లోంచి అత్తగారి గొంతు వినపడింది.

"ఒరేయ్ అల్లుడూ, దాణా ఊరికే వస్తుందనుకున్నావుట్రా? రొమ్ము విరుచుకు తిరిగితే సరిపోతుందా? ఒక పనీ లేదు, పాటా లేదు."

నా చేతిలో షట్టరు అక్కడే ఆగిపోయింది. మూడేళ్ళ తర్వాత పిలుపు. పిలిస్తే పిలిచింది, ఒరేయ్ అనా? షట్టరు సగంలో వదిలేసి పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ వంగి దాణా చల్లుతోంది. ఎదురుగా ఎర్రదారం కోడి తల పక్కకి వంచి వింటోంది. ఆవిడ నా వంక చూడనే లేదు.

ఆ మాట నేను ఊరికే పోనిస్తానా? నీలందారం కట్టినవాటిలో ఒకటి ఉంది. పొద్దస్తమానం ఏదో గొణుగుతూ, దాణా గిన్నె దగ్గర తిష్ఠ వేసి, వచ్చినదాన్నల్లా పొడిచి తరిమేది. తెల్లగా, మెత్తగా, అన్నిట్లోకీ నా చేతికి నచ్చిన దూది అదే. మర్నాడు అత్తగారు ఉతికిన బట్టలు ఆరేస్తుండగా చూసుకుని, ఆ కోడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అత్తగారూ, తమరు పెద్దవారు, చెప్పేంతవాణ్ణి కాను. గిన్నెలో నలుగురికీ కాస్త మిగల్చండి. ఆ నోటికి కూడా మధ్య మధ్యలో కాస్త విశ్రాంతి ఇవ్వండి."

తడిబట్ట దులిపిన చప్పుడు గట్టిగా వినపడింది. వంటింటి కిటికీలో మా ఆవిడ తువ్వాలు నోట్లో కుక్కుకుంది. తర్వాత నాకు అన్నం పెడుతూ, "మూడేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం పోయింది నాకు. కోళ్ళని పెట్టుకున్నారు" అంది.

వానలు మొదలయ్యాయి. పరుపులు రావడం తగ్గింది. మాటలు పెరిగాయి. అన్నీ కోళ్ళతోనే.

"ఒరేయ్ అల్లుడూ, కరెంటు బిల్లు కట్టావా, లేక చీకట్లోనే కూస్తావా?"

"అత్తగారూ, కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. మీకైతే పళ్ళూ లేవు, నాలిక్కి రుచీ లేదు. మాకున్నాయి."

"ఒరేయ్ అల్లుడూ, ఇంటికి పెద్ద నువ్వే గదా, ఆ వంటింటి చూరు కారుతోంది, కాస్త పైకెక్కి చూడు."

ఆ సాయంత్రం నేను పైకెక్కి చూరు సరిచేశాను. కోడి చెయ్యదు కదా. ఉప్పు కూడా మర్నాటి నుంచి ఒక్కసారే పడింది.

ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. పెరడు నిండింది, పంజరం అడుగున నీళ్ళు లేచాయి. మామూలు కోడికి వాన తగిలితే ఈకల మీంచి జారిపోతుంది. వీటికి ఈకలెక్కడివి? దూది తడిసినట్టే ముద్దగా తడుస్తాయి, చలికి చచ్చిపోతాయి. ముగ్గురం పరుగెత్తి తొమ్మిదింటినీ షాపులోకి మోసుకొచ్చాం. బూరుగు దూది బస్తాల మధ్య కూర్చుని, చేతికందిన దూదితో తుడవడం మొదలుపెట్టాం.

తడిసిన సిల్కీ కోడిని చూస్తే ఎలుక నయం అనిపిస్తుంది. బంతులన్నీ మాయమయ్యాయి. తొమ్మిది తలల మీదా జుట్టు వెనక్కి దువ్వినట్టు అంటుకుపోయింది.

"ఏవండీ, మీ వెండిపన్ను చెప్పిన లెక్కలో ఇప్పుడు తొమ్మిదీ పుంజులే" అంది మా ఆవిడ.

నాకు నవ్వు రాలేదు. పైగా ఎర్రదారం రంగు దిగి, ఆ కోడి కాళ్ళూ పొట్టా గులాబీ రంగు లంగా కట్టినట్టు తయారయ్యాయి.

ఎవరి ఒళ్ళోకి ఏది వచ్చిందో చూసుకోలేదు. చూసుకునేసరికి గులాబీ లంగా కోడి అత్తగారి ఒళ్ళో ఉంది, గొణుగుడు కోడి నా ఒళ్ళో ఉంది. బయట వాన హోరు. అత్తగారు దగ్గుతూ దాని మెడ తుడుస్తోంది. మామూలుగా వేసే గొంతు వెయ్యకుండా, మెల్లగా అంది.

"ఒరేయ్ అల్లుడూ, చూస్తూనే ఉన్నాను. రాత్రిళ్ళు పడుకోవట్లేదు నువ్వు. లేచి కూర్చుని పెరటి గోడ వంక చూస్తున్నావు. చూస్తే ఆగుతుందట్రా గోడ? పడుకో."

నేను నా ఒళ్ళో కోడి వంక చూశాను.

"అత్తగారూ," అన్నాను, "ఆ దగ్గుమందు సీసా పై అరలో ఉంటే అందదని కింద అరలో పెట్టాను. పెట్టి చాలా రోజులైంది. మూత తీసినట్టు లేదు."

కోడి ఒళ్ళు విదిలించి నా మొహమంతా నీళ్ళు కొట్టింది. మా ఆవిడ ఏ పనీ లేకుండా లేచి వంటింట్లోకి వెళ్ళింది. మర్నాడు సీసాలో రెండు చెంచాల మందు తగ్గింది.

నేను గోడ వంక చూడ్డానికి కారణం ఉంది. వానలు సగం గడిచేసరికి నీలందారాల్లో ఒకదాని ముక్కు మీద నేరేడు పండు నలిపి అంటించినట్టు ఒక కండ లేచింది. తర్వాత ఇంకోదానికి. సిల్కీ పుంజుకి నెత్తిన కిరీటంలా ఎర్ర తురాయి రాదు, ముక్కు పైన ఆ నలిగిన పండే వస్తుంది. పెట్టలకి కూడా కొద్దిగా వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. కొద్దిగా అంటే ఎంత అని నన్ను నేను అడగలేదు.

మా ఆవిడ దబ్బనానికి దారం కట్టి ఒక్కొక్క కోడి మీద వేలాడదీసింది. నిలువుగా ఊగితే మగ, గుండ్రంగా తిరిగితే ఆడ అని ఎవరో చెప్పారట. తొమ్మిదింటి మీదా గుండ్రంగా తిరిగింది. ఎంత సంతోషించామో. తర్వాత తల ఎత్తి చూస్తే పైన ఫాను తిరుగుతోంది.

ఆ రోజే అత్తగారు దాణా వేస్తూ అంది: "ఒరేయ్ అల్లుడూ, చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరికీ మీసాలొస్తున్నాయి. నీ మూతి ఒక్కటే ఇంకా నున్నగా ఉందేంట్రా?"

అని, తను అన్నమాట తనకే వినపడ్డట్టు ఆగిపోయింది. ముగ్గురం కోళ్ళ వంక చూశాం. తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఎవరి పనిలోకి వాళ్ళం వెళ్ళాం.

వానలు వెనకపట్టిన రోజుల్లో, తెల్లవారుతుండగా, ఎవరో మా షట్టరు ఎత్తుతున్నట్టు కిర్రుమని చప్పుడైంది. దొంగ అనుకుని దబ్బనం పట్టుకుని లేచాను. చప్పుడు షాపులోంచి కాదు, పెరట్లోంచి. బోర్లించిన గంప ఎక్కి, మెడ సాచి, కాలివేళ్ళ మీద లేచి నిలబడి ఉంది నా గొణుగుడు కోడి. నేను చూస్తుండగా నోరు తెరిచింది. తుప్పుపట్టిన మడతబందులాంటి గొంతుతో ఒక అరుపు, అది పూర్తవక ముందే దానికే సిగ్గేసినట్టు ఒక దగ్గు.

గడప దగ్గర అత్తగారు, ఆవిడ భుజం వెనక మా ఆవిడ.

"ఏవండీ," అంది మా ఆవిడ మెల్లగా, "అత్తగారు కూస్తున్నారు."

ఆ అరుపుతో పెరటి గోడ ఒక అడుగు లోపలికి జరిగినట్టు అనిపించింది. అత్యంత మెత్తని దూది అని నా చెయ్యి చెప్పిన కోడి అది. ఆ పది రోజుల్లో నీలందారాలు ఒకటి తర్వాత ఒకటి గొంతు సవరించుకున్నాయి. మొత్తం ఆరు.

ఇంక ఎర్రదారం ఒక్కటే కూయాలి. అది కూయలేదు. ఒకరోజు కనిపించలేదు. పంజరంలో లేదు, బావి దగ్గర లేదు, గోడ అవతలా లేదు. పోతే పోయింది, ఇంకో పుంజు పీడ వదిలింది అని నేను షాపులో కూర్చుని దిండు కుడుతున్నాను. మా ఆవిడ పక్కన కూర్చుని దారం ఎక్కిస్తోంది. అత్తగారు మూల ఉన్న బూరుగు దూది బస్తా వెనక్కి వెళ్ళింది. తర్వాత రెండు చేతులూ దోసిలి పట్టుకుని వచ్చింది. దోసిట్లో మీగడ రంగు గుడ్డు. చిన్నది, ఇంకా వెచ్చగా ఆవిరి పోతున్నట్టుంది.

ఆవిడ కూతురి ముందు నిలబడింది. మూడేళ్ళ అలవాటు కదా. నన్ను చూడకుండా, గొంతు ఏమాత్రం మార్చకుండా అంది.

"అమ్మాయ్, మీ ఆయన గుడ్డు పెట్టాడు."

ముందు నవ్వింది నేనే. ఆపుకోవాలనే చూశాను. దబ్బనం వేలికి గుచ్చుకుంది, అయినా ఆగలేదు. బస్తా మీదికి ఒరిగాను, మూతి ఊడి బూరుగు దూది గదంతా లేచింది. ఆ తెల్లటి దూదిలో మా అత్తగారు గుడ్డు పగలకుండా పైకెత్తి పట్టుకుని, దగ్గుతూ నవ్వుతూ, నవ్వుతూ దగ్గుతూ గోడకి ఆనుకుపోయింది. మా ఆవిడ ఏడ్చేసింది. నవ్వి నవ్వి ఏడ్చిందనే అనుకున్నాను అప్పుడు.

నవ్వయితే నవ్వాం గానీ మర్నాటి నుంచి చిక్కొచ్చి పడింది. గుడ్డు మీద కూర్చున్నదాన్ని "ఒరేయ్ అల్లుడూ" అని ఎలా తిడతారు? గంపెక్కి కూసేదాన్ని "అత్తగారూ" అని ఎలా పిలుస్తాను? ఇద్దరికీ ఉన్న తోవ మూసుకుపోయింది. మూడేళ్ళు మాటల్లేకుండా బతికినవాణ్ణి, నాలుగు రోజుల నిశ్శబ్దానికి ఊపిరాడలేదు. ఇంట్లో చెంచా కింద పడినా ఉలిక్కిపడేవాళ్ళం.

అయిదో రోజు నేను మిషను దగ్గర వంగి పట్టీ బిగిస్తున్నాను. వెనక నుంచి వినపడింది.

"అల్లుడూ, టీ చల్లారిపోతోంది."

నేను అలవాటుగా మూల బస్తా వంక చూశాను. గులాబీ మరకల కోడి గుడ్ల మీద కళ్ళు మూసుకుని ఉంది.

"కోళ్ళు టీ తాగవు" అంది అత్తగారు. గ్లాసు నా పక్కన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

టీలో పంచదార సరిపోయింది. ఎప్పుడూ సరిపోయేదేమో, నేను చూసుకోలేదు.

వానలు వెళ్ళగానే వెండిపన్ను వచ్చాడు, చేతిలో కొలిచే టేపుతో. నేను ఆరు పుంజుల్నీ చూపించాను.

"ఎనిమిది పెట్టలన్నావు తమ్ముడూ. ఉన్నవి మూడు."

"పెట్టలన్నానా? గుర్తు చేసుకో అన్నా. ఎనిమిది కోళ్ళు, ఒక పుంజు అన్నాను. కోడంటే పెట్టేనా? కోడి కూసింది అంటామా లేదా? కూసేదేది, పెట్టా? భాషలోనే ఉంది, నన్నేం చెయ్యమంటావు? అయినా సిల్కీల్లో ఆడామగా మూడో నెలలో ఎవడు చెప్పగలడు? నువ్వు చెయ్యి పెట్టి చూసి చెప్పినదానికి నేను తల ఊపాను, అంతే."

పన్ను తళతళా మెరిసింది. వ్యాకరణం చెప్పే క్లాసు దాకా నేను పోలేదు. అప్పుడు నా పక్కకి అత్తగారు వచ్చింది.

"మాటిచ్చావా అల్లుడూ?" అంది, నన్నే చూస్తూ.

"ఇచ్చాను."

"అయితే ఇచ్చెయ్యి. దూదికి మేడ మీద ఎండ లేదా? మూటలు కట్టి ఎక్కిద్దాం. దిండ్లకైతే అంత ఎండ కూడా అక్కర్లేదు. గలీబులు నేను కుడతాను." కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటూ, "నీకు చూపు లేదన్నానే గానీ, నా కళ్ళజోడు కూడా పాతదే" అంది.

దాన్ని క్షమాపణ అంటారో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో మటుకు అంతకంటే పెద్దది ఎవరూ చెప్పుకోలేదు. నేనూ అప్పుడే నాది చెప్పేశాను. అది కూడా ఇక్కడ రాయను.

వెండిపన్ను గది వేసుకున్నాడు. కొత్త మంచం వేయించి, దాని మీద ఫోము పరుపు వేసి, తల మా గోడ వైపు పెట్టుకుని పడుకునేవాడు. గోడకి ఇవతల, మాకు మిగిలిన కాస్త చోట, పుంజుల గంప. ఎవరూ కొనని పుంజుల్ని నేనేం చెయ్యను? ఉంచుకున్నాను. నెల తిరక్కుండా కళ్ళు ఉబ్బించుకుని వచ్చాడు.

"అన్నా, ఆ పుంజుల్ని ఎక్కడికైనా పంపించరాదూ. ఇంకా చీకటి ఉండగానే మొదలెడుతున్నాయి. ఒకటి ఆపితే ఇంకోటి."

నేను నోరు తెరిచేలోపల మేడ మెట్ల మీంచి అత్తగారి గొంతు దిగింది. భుజాన దూదిమూట ఉంది.

"ఏ పుంజులు నాయనా? నువ్విచ్చినవి కోళ్ళు కదూ. కోడన్నాక కూయదా? భాషలోనే ఉందిట, మా అల్లుడు చెప్పాడు."

వెండిపన్ను నోరు మూసుకున్నాడు. పన్ను కనిపించలేదు. నిజం ఎదురుపడినప్పుడు అది మెరవదని అలా తెలిసింది.

బస్తా వెనక పొదిగిన గుడ్లలోంచి పిల్లలు వచ్చాయి. అవి ఆడో మగో నేను చెయ్యి పెట్టి చూడలేదు. మా ఆవిడ దారాలూ కట్టలేదు. కూసేవి కూస్తాయి, పెట్టేవి పెడతాయి, అప్పటిదాకా అన్నిటినీ "ఏమోయ్" అని పిలుస్తున్నాం. మేడ మీద దూది ఎండబోసి, కింద నేను కూరుతుంటే పక్కన అత్తగారు గలీబులు కుడుతూ నా కుట్టు వంకరని తిడుతుంది. నేరుగా నన్నే తిడుతుంది. ఒకోసారి "అల్లుడూ" అని పిలిస్తే నేనూ ఆ గులాబీ మరకల పెట్టా ఒకేసారి తల తిప్పుతాం.

వెండిపన్నుగాడికి మనం ఋణపడి ఉన్నామని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. వాడు నన్ను ముంచాడు, మొదటే రాశాను. వాడికి ఇవ్వాల్సింది కొలిచి ఇచ్చేశాను, ఇంక బాకీ ఏమీ లేదు. ఆ వానాకాలంలో నాకు పోయింది బావి గట్టు నుంచి గోడ దాకా ముప్ఫై ఆరు గజాలు. అంతే.